‘సార్‌తో మాట్లాడతాంలెండి’

స్త్రీల హక్కుల పత్రికలో కారుకి పడిన సొట్ట గురించి రాయడమేమిటని కొందరు మిత్రులకి అనిపించవచ్చు. కట్నం చావులూ, గృహహింసా, పనిచేసే చోట వేధింపులూ ఇన్ని వుండగా, నిలిపివున్న కారుకి పక్కింటాయన తగిలించిన దెబ్బ కూడా ఒక సమస్యేనా? అసలు సొంత కారున్న ఆడవాళ్ళెంతమంది? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. అయితే ఇలాంటి తగాదా వచ్చినప్పుడు ఎవరు ఎవరితో మాట్లాడతారు, ఎవరిని పక్కన పెడతారు, నష్టాన్ని చివరికి ఎవరి నెత్తిన రుద్దుతారు అన్నది గమనించండి. మనం పెద్ద సమస్యల్లో రోజూ చూసే అధికార సంబంధాలన్నీ అందులో కనిపిస్తాయి. అందుకే దీన్ని చిన్న విషయమని వదిలెయ్యకూడదని నా అభిప్రాయం.

ఆస్తి హక్కు అనగానే మనకి భూమీ, ఇల్లూ గుర్తొస్తాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, అప్పటికే పెళ్ళైనవాళ్ళని మినహాయించి, కూతుళ్ళకి ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా వాటా ఇచ్చింది. ఆ హక్కు దేశమంతటికీ 2005లో గాని రాలేదు. ఆ సవరణల గురించి మనం ఎన్నో సభలు పెట్టాం, కరపత్రాలు పంచాం. మంచిదే. కానీ 1956 నాటి అదే చట్టం 14వ సెక్షన్, హిందూ స్త్రీ చేతిలో వున్న ఆస్తి ఆమె సంపూర్ణ సొత్తు అని చెబుతూ, స్థిరాస్తితో పాటు చరాస్తి కూడా అందులోకి వస్తుందని స్పష్టం చేసింది. కుట్టు మిషనూ, గేదే, స్కూటరూ, కారూ అన్నీ చరాస్తులే. భూమి పత్రం దాకా ఎప్పుడు చేరతామో తెలియని ఎందరో స్త్రీలకి, తమ జీతంతో తమ పేరు మీద కొనుక్కున్న మొదటి పెద్ద వస్తువు ఒక బండే. రాత్రి డ్యూటీకి వెళ్ళే నర్సుకి, ఊళ్ళు తిరిగే కార్యకర్తకి అది విలాసం కాదు, పనిముట్టు.

బండికి యజమాని ఎవరన్న విషయంలో చట్టానికి సందేహం లేదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఎవరి పేరు మీద రిజిస్టరై వుంటే వాళ్ళే యజమాని. అప్పు మీద కొన్న బండైతే ఒప్పందం ప్రకారం అది ఎవరి స్వాధీనంలో వుంటే వాళ్ళు. సందేహమంతా మన ఇరుగుపొరుగు వాళ్ళకే.

నా సంగతే చెబుతాను. నేను ఒక మహిళా సంస్థలో కౌన్సిలింగ్ పని చేస్తాను. వేళ కాని వేళల్లో పోలీస్ స్టేషన్లకీ, ఆస్పత్రులకీ పరిగెత్తాల్సి వస్తుంది కాబట్టి అప్పు చేసి ఒక పాత కారు కొనుక్కున్నాను. హైదరాబాద్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో 20 ఫ్లాట్లున్నాయి. ఒక ఆదివారం పొద్దున సెల్లార్‌లోకి దిగితే నా నీలం కారు వెనక తలుపు లోపలికి నొక్కుకుపోయి వుంది. సొట్ట చుట్టూ తెల్ల రంగు అంటుకుని వుంది. మా ఎదురు స్థలంలో నిలిపే తెల్ల కారు బంపరు మూల మీద నీలం చారలున్నాయి. టేపు పెట్టి కొలిస్తే నేల నుంచి రెండూ ఒకే ఎత్తు. ఫోటోలు తీశాను. గేటు దగ్గరి కెమెరాలో ముందు రోజు రాత్రి ఆ కారు వచ్చిన సమయం కూడా కనిపిస్తోంది. ఆ కెమెరాల్లో పాత రికార్డింగు మీద కొత్తది పడి కొద్ది రోజులకే చెరిగిపోతుంది కనక, దాన్ని భద్రపరచమని అసోసియేషన్‌కి అదే రోజు కాగితం రాసిచ్చాను.

తర్వాత ఆ ఇంటికి వెళ్ళి తలుపు తట్టాను. ఆయన చెడ్డమనిషేమీ కాదు. ఎదురుపడితే పలకరిస్తాడు, పండక్కి ప్రసాదం పంపిస్తాడు. నేను చెప్పిందంతా విని, “సార్ లేరా మేడమ్? సార్‌తో మాట్లాడతాంలెండి” అన్నాడు. కారు నాది, ఆర్సీలో వున్నది నా పేరు, మాట్లాడాల్సింది నాతోనే అన్నాను. “అది కాదు మేడమ్, ఇవన్నీ మీకెందుకు శ్రమ” అన్నాడు. సాయంత్రం నా భర్త ఆఫీసు నుంచి రాగానే లిఫ్టు దగ్గర ఆయన్ని పట్టుకుని, “మేడమ్ కొంచెం టెన్షన్ పడుతున్నారు సార్” అన్నాడట. కారు సంగతి తనకి తెలీదనీ, ఆమెతోనే మాట్లాడమనీ నా భర్త చెప్పి వచ్చేశాడు. అందరి ఇళ్ళల్లోనూ ఇలాగే జరుగుతుందని చెప్పలేం. ‘నువ్వూరుకో, నేను చూసుకుంటాను’ అని మగవాళ్ళిద్దరూ టీ తాగి, భార్యకి చెప్పకుండానే వ్యవహారం ముగించిన ఇళ్ళు నాకు చాలా తెలుసు. అక్కడ నష్టపోయిన మనిషికి ఎంత వచ్చిందో, ఏమనుకున్నారో ఆ మనిషికే తెలియదు.

‘సార్‌తో మాట్లాడతాం’ అనే మాటలో మర్యాద కనిపిస్తుంది. ఆడమనిషిని గొడవల్లోకి లాగకూడదన్న సంస్కారం కనిపిస్తుంది. కానీ దాని ఫలితమేమిటి? ఆమె నష్టపోయిన యజమాని స్థానం నుంచి, సముదాయించాల్సిన మనిషి స్థానానికి జారిపోతుంది. ఆమె చూపించిన కొలతలూ ఫోటోలూ సాక్ష్యం కాకుండా ‘టెన్షన్’ అయిపోతాయి. భర్త లేని స్త్రీ అయితే ‘మీ అన్నయ్యనో నాన్నగారినో రమ్మనండి’ అంటారు. ఎవరూ లేకపోతే అసలు మాట్లాడరు.

మర్నాడు అసోసియేషన్ పెద్దాయన కబురు చేశాడు. “ఇరుగూ పొరుగూ అన్నాక ఇవన్నీ మామూలేనమ్మా. పొద్దున లేస్తే మొహాలు చూసుకోవాల్సిన వాళ్ళం, సర్దుకుపోండి” అన్నాడు. ఈ ‘సర్దుకుపో’ అనే మాట మనకి కొత్తదా? అత్తింట్లో సర్దుకుపో, ఆఫీసులో సర్దుకుపో, బస్సులో సర్దుకుపో. ఎప్పుడూ నష్టపోయినవాళ్ళకే చెబుతారు గాని నష్టం చేసినవాళ్ళకి చెప్పరు. డబ్బిచ్చి సర్దుకుపొమ్మని ఆయనకి చెప్పొచ్చు కదా అని అడిగాను. దానికి జవాబు రాలేదు.

ఇంకో సలహా కూడా వచ్చింది. “ఇన్సూరెన్స్ వుందిగా, క్లెయిమ్ చేసుకోండి” అని. చాలామంది ఇక్కడే ఆగిపోతారు, కనక వివరంగా చెబుతాను. నిలిపివున్న బండికి పడిన దెబ్బని మన సొంత పాలసీలో క్లెయిమ్ చేసుకోవచ్చు, అది కాంప్రహెన్సివ్ పాలసీ అయితే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే వుంటే మన బండి నష్టానికి పైసా రాదు. కాంప్రహెన్సివ్ వున్నా, చిన్న కార్లకి మొదటి 1,000 రూపాయలు మనమే భరించాలి. ప్లాస్టిక్, రబ్బరు భాగాలకి సగం తరుగు తీసేస్తారు. అన్నిటికన్నా ముఖ్యం నో క్లెయిమ్ బోనస్. క్లెయిమ్ లేకుండా గడిచిన మొదటి ఏడాదికి 20 శాతం, తర్వాత 25, 35, 45, అయిదో ఏటికి 50 శాతం దాకా ప్రీమియంలో సొంత నష్టం భాగం మీద తగ్గింపు వస్తుంది. ఒక్కసారి క్లెయిమ్ చేస్తే అది పోతుంది, మళ్ళీ మొదటినుంచీ ఎక్కాలి. నాకు అప్పటికి 35 శాతం వుంది. అంటే దెబ్బ కొట్టింది ఆయన, జరిమానా నాకు. ఇన్సూరెన్స్ నా జాగ్రత్త కోసం నేను కట్టుకున్న డబ్బు. పొరుగాయన బాధ్యతని మాఫీ చెయ్యడానికి కాదు.

అసలు కష్టమైన విషయం ఆ తర్వాత వచ్చింది. రెండు రోజులకి ఆయన మాట మార్చాడు. కార్లు తుడిచే వాచ్‌మన్ భార్య బకెట్ తగిలించి వుంటుందన్నాడు. బకెట్ తగిలితే తెల్ల రంగెలా అంటుకుంటుందని ఎవరూ అడగలేదు. అందరికీ ఆ మాట హాయిగా అనిపించింది. ఫ్లాట్లవాళ్ళ మధ్య మాట తేడా రాకుండా పోతుంది కదా! వాచ్‌మన్ జీతంలో నెలకి 500 చొప్పున పట్టుకుని నాకిచ్చేద్దామన్న ప్రతిపాదన వచ్చింది. ఆ మాట అన్నప్పుడు ఆమె మెట్ల దగ్గరే చీపురు పట్టుకుని నిలబడి వుంది. ఒక్కరూ ఆమెని ‘నువ్వేమంటావు?’ అని అడగలేదు.

ఆ రాత్రి తెల్ల కారు వెనక్కి తీస్తూ నా కారుకి తగలడం ఆమె చూసింది. నాతో చెప్పింది కూడా. “నా పేరు చెప్పకండమ్మా, పనిలోంచి తీసేస్తారు” అంది. నేను చెప్పలేదు. మన కేసుల్లో సాక్షి ఎంత ముఖ్యమో మనకి తెలుసు. కానీ నా తలుపు బాగుచేయించుకోవడానికి ఆమె కూడూ గూడూ పణంగా పెట్టమనే హక్కు నాకెక్కడిది? వాళ్ళ కాపురం ఆ సెల్లార్‌లోని ఒక్క గదిలోనే. పని పోతే ఇల్లూ పోతుంది. రంగూ, కొలతా, కెమెరా చెప్పగలిగినంత చెబితే చాలనుకున్నాను. అది చాలింది కూడా.

జీతంలో కోత గురించి ఒక మాట. నష్టం పేరుతో జీతంలో కోత పెట్టాలంటే ఆ నష్టం నేరుగా ఆ మనిషి నిర్లక్ష్యం వల్లే జరిగి వుండాలనీ, సంజాయిషీ చెప్పుకునే అవకాశం ముందు ఇవ్వాలనీ 1936 నాటి వేతన చెల్లింపు చట్టమే చెప్పింది. 2019 వేతనాల కోడ్ కూడా సంజాయిషీ వినకుండా కోత పెట్టకూడదనే అంటుంది. అపార్ట్‌మెంట్ వాచ్‌మన్‌కి ఆ చట్టం ఎంతవరకు వర్తిస్తుందన్న వాదన పక్కన పెట్టండి. ఫ్యాక్టరీలో కూడా కుదరని పనిని మన సెల్లార్‌లో భర్త జీతం మీద, భార్య మీద మోపిన నేరానికి చెయ్యొచ్చా? ఆ డబ్బు తీసుకుని వుంటే నా కారు బాగయ్యేదే. నేను అసోసియేషన్‌కి రాసిన ఉత్తరంలో మొదటి వాక్యమే, వాచ్‌మన్ కుటుంబం నుంచి ఒక్క రూపాయి కూడా తీసుకోను అని.

తర్వాత సంగతి క్లుప్తంగా. రెండు షెడ్లలో డెంటింగ్, పెయింటింగ్‌కి అంచనాలు రాయించాను. ఒకరు 9,500, ఇంకొకరు 11,000 అన్నారు. ఫోటోలూ, కొలతలూ, అంచనాలూ జతచేసి ఆయన పేరుకే ఉత్తరం రాసి, వారం గడువిచ్చాను. అసోసియేషన్ గదిలో కూర్చున్నప్పుడు పక్క ఫ్లాట్ల స్త్రీలు ఇద్దరిని కూడా పిలిచాను. వాళ్ళేమీ మాట్లాడలేదు, వినడానికే వచ్చారు. వాళ్ళుండటం వల్ల ‘సార్’ అనే మాట ఇంక రాలేదు. చివరికి తక్కువ అంచనా ప్రకారం 9,500 రెండు వాయిదాల్లో ఇస్తానని ఆయన ఒప్పుకున్నాడు. షెడ్డులో బండి వున్న నాలుగు రోజుల ఆటో ఖర్చు నేను వదులుకున్నాను. దెబ్బ ఎలా తగిలిందో, డబ్బు ఎప్పుడిస్తారో, వాచ్‌మన్ కుటుంబానికి దీంతో సంబంధం లేదనీ కాగితం మీద రాసి ఇద్దరం సంతకాలు పెట్టాం. ఇప్పటికీ ఎదురుపడితే పలకరించుకుంటాం.

దీన్ని నేను రాజీ అంటాను. సర్దుకుపోవడం అనను. రాజీలో ఇద్దరూ కూర్చుంటారు, ఇద్దరూ ఎంతో కొంత వదులుకుంటారు, ఏమి వదులుకున్నారో ఇద్దరికీ తెలుస్తుంది. సర్దుకుపోవడంలో ఒక్కరే వదులుకుంటారు, అది కూడా గదిలో లేనివాళ్ళు.

ఇక చట్టం సంగతి. ‘పోలీసు కేసు పెడతాను’ అని బెదిరించడం చాలామందికి మొదట తోచే మార్గం. నేను ఆ పని చెయ్యలేదు, కారణముంది. ఆస్తి నష్టం నేరం కావాలంటే నష్టం చెయ్యాలన్న ఉద్దేశమో, జరుగుతుందన్న ఎరుకో వుండాలి. చీకట్లో వెనక్కి తీస్తూ పొరపాటున తగిలిస్తే అది నేరం కాదు, నష్టపరిహారం ఇవ్వాల్సిన నిర్లక్ష్యం. ఉద్దేశంతో చేస్తే మాత్రం నేరమే. పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ ప్రకారం, నష్టం 20,000 లోపుంటే ఆరు నెలల దాకా, 20,000 నుంచి లక్ష లోపైతే రెండేళ్ళ దాకా, లక్ష, ఆపైన అయితే అయిదేళ్ళ దాకా జైలో జరిమానానో రెండూనో పడొచ్చు. చిన్న నష్టాల కేసుల్లో మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చెయ్యలేరు. నష్టపరిహారం ఎంతో తేల్చే అధికారం వాళ్ళకసలే లేదు. స్టేషన్‌లో జరిగే పంచాయితీల్లో కూడా ‘మీ ఆయన్ని తీసుకురామ్మా’ అన్న మాటే వినిపిస్తుందని మనకి అనుభవమే.

డబ్బు రాబట్టుకోవాలంటే దారి మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్. దానికన్నా ముందు లోక్ అదాలత్ వుంది. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం 1995 నవంబర్ 9న అమల్లోకి వచ్చింది. దాని 12వ సెక్షన్ ప్రకారం స్త్రీలకి ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. ఉద్యోగం చేస్తున్న స్త్రీకి, కారున్న స్త్రీకి ఇది వర్తించదని చాలామంది, మన కార్యకర్తలు కూడా, అనుకుంటారు. అది నిజం కాదు. కోర్టులో కేసు వెయ్యకముందే తగాదాని లోక్ అదాలత్‌కి తీసుకెళ్ళొచ్చు. ఇద్దరూ ఒప్పుకుంటేనే అక్కడ పరిష్కారం. ఒప్పుకున్నాక దానికి సివిల్ కోర్టు డిక్రీకున్నంత బలముంటుంది, దాని మీద అప్పీలు లేదు. 15100 నంబరుకి ఫోన్ చేస్తే వివరాలు చెబుతారు.

ఇంతవరకు చెప్పింది పొరపాటున తగిలిన దెబ్బ గురించి. కావాలని కొట్టిన దెబ్బ వేరు. మా కేంద్రానికి ఒంటరిగా వుండే ఒక టీచరు వచ్చింది. కింది వాటాలో వుండే మనిషి ఆమెతో చనువుగా వుండబోతే ఆమె గట్టిగా వద్దంది. తర్వాత వారంలో కారు అద్దం విరిగింది. ఇంకో వారానికి తలుపు మీద మేకుతో గీసిన గీత. స్కూలు ఇన్‌స్పెక్షన్ వున్న రోజు పొద్దున రెండు టైర్లలో గాలి లేదు. ఓనరుకి చెబితే ‘వీధి పిల్లలు చేసి వుంటార్లే’ అన్నాడు. ఆ మనిషి మాత్రం ఎదురుపడినప్పుడల్లా ‘కారు ఎలా వుంది మేడమ్?’ అని అడిగేవాడు. ఇది కారుకి జరిగిన నష్టమా? ఆమెకి పంపిన హెచ్చరికా?

ఇలాంటి చోట రాజీకి కూర్చోబెట్టడం పెద్ద తప్పు. డబ్బిచ్చాడు కదా అని ఫైలు మూసేస్తే బెదిరింపుకి ధర కట్టినట్టవుతుంది. తేదీల వారీగా జరిగిందంతా రాసిపెట్టించాలి. ఒక్కొక్కటీ విడిగా చూస్తే చిన్నవే. వరసగా పెడితేనే వేధింపు రూపం కనిపిస్తుంది. వద్దన్నా వెంటపడటం 2013 చట్ట సవరణతో మొదటిసారి ప్రత్యేక నేరమైంది. ఇప్పుడది న్యాయ సంహిత 78వ సెక్షన్. బెదిరింపు 351వ సెక్షన్. ఫిర్యాదులో కారు నష్టంతో పాటు వీటిని కూడా రాయాలి. కారుని ధ్వంసం చేసినవాడు భర్తో అత్తింటివాళ్ళో అయితే దారి మళ్ళీ వేరు. 2005 గృహహింస చట్టం 20వ సెక్షన్ కింద, ఆమె ఆధీనంలోని ఆస్తిని పాడుచేసినందుకు మేజిస్ట్రేటు పరిహారం ఇప్పించవచ్చు. పొరుగువాళ్ళ మీద ఆ చట్టం పనిచెయ్యదు.

కాబట్టి ఎవరైనా ఇలాంటి సమస్యతో వచ్చినప్పుడు మనం మొదట అడగాల్సింది ‘ఎంత నష్టం?’ అని కాదు. ‘ఇది మొదటిసారా? దీనికి ముందు వాళ్ళతో ఏమైనా జరిగిందా?’ అని. ఆ జవాబుని బట్టి రాజీయా, ఫిర్యాదా అన్నది తేలుతుంది.

మన సంస్థలు చెయ్యగలిగిన పనులు కొన్ని వున్నాయి. చట్టాల మీద మనం నడిపే శిక్షణల్లో చరాస్తి నష్టం గురించి ఒక గంట కేటాయించాలి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్లలో బండి ఎవరి పేరున వుంటే వాళ్ళ పేరే రికార్డులో రాయించాలి, సమావేశాలకి యజమానిగా ఆమెనే పిలవమని పట్టుబట్టాలి. కమిటీల్లో స్త్రీలు వుండాలి, దసరాకి బతుకమ్మ ఏర్పాట్లు చూడటానికే కాదు, లెక్కలూ తగాదాలూ చూడటానికి. వాచ్‌మన్ల, పనివాళ్ళ జీతాల్లోంచి నష్టాల పేరుతో కోత పెట్టకూడదని తీర్మానం చేయించాలి. ఈ చివరిది లేకుండా మొదటివన్నీ సాధించినా, ఫ్లాట్లలో వున్న స్త్రీల హక్కుల కోసం సెల్లార్‌లో వున్న స్త్రీని బలిపెట్టినట్టే.

మీ ఇళ్ళల్లో వున్న బండ్ల ఆర్సీలు ఒకసారి తీసి చూడండి. మీ డబ్బుతో కొన్నవి ఎవరి పేరు మీద వున్నాయి? మీ ప్రాంతంలో ఇలాంటి తగాదాలు ఎలా తేలాయి, ఎవరు మాట్లాడారు, ఎవరు చెల్లించారు? రాసి పంపండి. పది మంది అనుభవాలు పక్కపక్కన పెడితే, పై సంచికల్లో కార్యకర్తలకి పనికొచ్చే ఒక చిన్న పుస్తకం తయారుచేసుకోవచ్చు.